పశువైద్యశాల చిట్టా బేరగాడి చేతికి చిక్కరాదు

వర్గల్ : బర్రెకు జబ్బు చేసి ఆసుపత్రికి తోలుకొచ్చిన రైతు డాక్టరు దగ్గర ఏదీ దాచడు. మేత మానేసి ఎన్ని పూటలైంది, పాలు ఎన్ని లీటర్లు తగ్గాయి, చూడి ఎన్నిసార్లు నిలవలేదు, నిరుటి దూడ ఎట్లా చచ్చింది, అన్నీ విప్పి చెబుతాడు. తన పేరు, ఊరు, ఫోన్ నంబరు, అడిగితే ఆధార్ నంబరు కూడా ఇస్తాడు. ఇవన్నీ రిజిస్టరులో రాసుకుంటారు. ఇప్పుడు కంప్యూటరులోకి, సెల్‌ఫోన్‌లోకి కూడా ఎక్కిస్తున్నారు. వైద్యానికి ఈ వివరాలు కావాలి కనుక రాసుకోవడంలో తప్పు లేదు. అయితే రాసిన తరువాత వాటిని ఎవరెవరు చూస్తున్నారు, అవి ఎవరి చేతికి పోతున్నాయి అన్న ప్రశ్న పల్లెల్లో అడిగేవారూ లేరు, జవాబు చెప్పేవారూ లేరు.

ఈ మాట ఒక్క వర్గల్‌కో, ఏదో ఒక ఆసుపత్రికో సంబంధించినది కాదు. కాని వర్గల్ వంటి మండలానికి ఇది మరీ ముఖ్యం. హైదరాబాదుకు దగ్గరగా, రాజీవ్ రహదారిని ఆనుకొని ఉన్న ప్రాంతమిది. పాల డబ్బుతో నెల గడుపుకొనే కుటుంబాలు, గొర్ల మందలనే ఆస్తిగా నమ్ముకున్న కుటుంబాలు ఉన్న చోటనే భూముల బేరాలు కూడా జోరుగా సాగుతున్నాయి. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు వరుసగా రాసి ఉన్న ఒక జాబితా పశువుల బేరగానికి ఎంత పనికివస్తుందో, భూముల దళారికి అంతకంటె ఎక్కువగా పనికివస్తుంది.

రోగం పశువుది, నష్టం రైతుది

మనుషుల ఆసుపత్రిలో రోగి గుట్టు బయటపెట్టరాదన్న సంగతి అందరికీ తెలిసినదే. మన దేశంలో డాక్టర్ల కోసం 2002లో చేసిన వృత్తి నియమావళిలో ఆ మాట రాసి ఉంది. పశువుల దగ్గరికి వచ్చేసరికి "నోరులేని జీవానికి గుట్టేమిటి?" అని తేలికగా తీసిపారేస్తారు. పశువుకు గుట్టు లేకపోవచ్చు. దానిని నమ్ముకున్న రైతుకు ఉంది.

పాడిబర్రెకు గోపాలమిత్ర చేత మూడు నాలుగుసార్లు సూది వేయించినా చూడి నిలవలేదనుకుందాం. ఆసుపత్రి బల్ల మీద తెరిచి పెట్టిన రిజిస్టరులో ఆ సంగతి బేరగాడి కంటబడింది. రైతు అవసరం కొద్దీ బర్రెను అంగడికి తోలుకుపోయేసరికి కబురు అతనికంటె ముందే అక్కడికి చేరి ఉంటుంది. "నీ బర్రె చూడి కడ్తలేదట గదా" అన్న ఒక్క మాటతో ధర విరిగిపోతుంది.

మరి కొనేవాడు మోసపోవాలా అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన మాటే. కొనేవాడు అడగాలి, అమ్మేవాడు ఉన్నది చెప్పాలి. అనుమానం ఉంటే ఇద్దరూ కలిసి డాక్టరుకు చూపించుకోవాలి. ఆ పద్ధతి వేరు, యజమానికి తెలియకుండా చిట్టా చూసి ధర తగ్గించడం వేరు. పైగా తక్కువకు కొన్న బేరగాడు మరో ఊరి అంగడిలో ఆ లోపం చెప్పి అమ్ముతాడన్న నమ్మకం ఎవరికీ లేదు. చిట్టా బయటపడినందువల్ల చివరికి కొనేవాడికి ఒరిగింది లేదు. లాభమల్లా మధ్యవానిదే.

బ్రిటన్‌లో పశువైద్యులను నియంత్రించే రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ తన వృత్తి నియమావళిలో యజమాని వివరాలను గోప్యంగా ఉంచాలని చెబుతుంది. ప్రజల ఆరోగ్యానికో, పశువుల క్షేమానికో ముప్పు ఉన్నప్పుడు, చట్టం కోరినప్పుడు మాత్రమే ఆ నియమానికి సడలింపు ఉంటుంది. అక్కడి రైతుకు, కుక్కను పెంచుకొనే పట్నవాసికి ఉన్న ఈ పాటి మర్యాద ఇక్కడి పాడిరైతుకు లేకపోవడానికి కారణం కనిపించదు.

చెవిపోగు వెనుక ఇల్లు

ఒకప్పుడు చిట్టా అంటే ఒక్క పుస్తకమే. దానిని బీరువాలో పెట్టి తాళం వేస్తే సరిపోయేది. ఇప్పుడు సంగతి మారింది. గాలికుంటు, బ్రూసెల్లోసిస్ వ్యాధుల నిర్మూలన కోసం కేంద్ర ప్రభుత్వం 2019 సెప్టెంబరులో జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. టీకా వేసిన పశువు చెవికి 12 అంకెల నంబరున్న పసుపుపచ్చ పోగు వేస్తున్నారు. పల్లెల్లో దీనినే పశువుల ఆధార్ అంటున్నారు. ఆ నంబరుతోబాటు యజమాని పేరు, ఊరు, ఫోన్ నంబరు, పశువు వయసు, ఈత, టీకా, చికిత్స వివరాలు మొదట ఇనాఫ్ అనే కంప్యూటర్ వ్యవస్థలోకి చేరేవి. తరువాత దాని స్థానంలో భారత్ పశుధన్ వచ్చింది.

దీనివల్ల మేలు చాలా ఉంది. ఏ ఊరిలో ఏ పశువుకు టీకా పడిందో, ఏది మిగిలిందో తెలుస్తుంది. బీమా డబ్బు రావడానికి పోగు ఆధారమవుతుంది. రోగం పుట్టిన చోటు పట్టుకోవచ్చు. కనుక పోగు వేయించుకోకుండా పశువును దాచిపెట్టడం తెలివితక్కువ పని.

కాని ఒక్క చెవిపోగు నంబరు కొట్టి ఇంటి గుట్టు తెలుసుకొనే వీలు ఎంతమందికి ఉందన్నది తేలాలి. టీకాలు వేసే కాలంలో పని ఒత్తిడి వల్ల ఒకరి పేరు మీద ఉన్న లాగిన్‌ను నలుగురు వాడుకోవడం, రిజిస్టరు పేజీని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఎక్కడ జరిగినా ప్రమాదమే. ఆ గ్రూపులో ఎవరున్నారో పెట్టినవారికే తెలియదు. ఒకసారి పోయిన ఫోటోను వెనక్కి తెప్పించడం ఎవరి తరమూ కాదు.

ఓటీపీ సంగతి ఇంకొకటి. ఫోన్‌కు వచ్చిన నంబరును ఎవరికీ చెప్పవద్దని బ్యాంకులు రోజూ మొత్తుకుంటున్నాయి. అదే రైతును పశువు నమోదు కోసం ఓటీపీ చెప్పమంటే భయపడడం సహజం. భయపడిన రైతును విసుక్కోవడం కాదు, ఆ నంబరు ఎందుకో, ఎక్కడినుంచి వచ్చిందో ఫోన్‌లోని సందేశం చదివి వినిపించాలి. లేకపోతే రేపు టీకా సిబ్బంది పేరు చెప్పి దొంగ ఎవడైనా ఫోన్ చేసినా రైతు అదే విధంగా చెప్పేస్తాడు.

ఇవి ఊహించుకున్న భయాలు కావు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్న భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు దించుకొని, రబ్బరు ముద్రలు తయారుచేసి, ఇతరుల పేర్ల మీద సిమ్ కార్డులు తీశాడని పోలీసులు పట్టుకున్నారు. అంతకు ముందు 2017 మే నెలలో బెంగుళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక వెలువరించింది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్ల ద్వారా 13 కోట్ల దాకా ఆధార్ నంబర్లు బయటపడి ఉండవచ్చునని అందులో అంచనా వేశారు. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్ పథకాలకు సంబంధించినవి. ఆ వివరాలు ఇచ్చింది ఉపాధి కూలీలు, బీమాలో చేరిన పేదలే.

కొండపాక నుంచి మొదలైన పథకం

గొర్రెల పంపిణీ పథకాన్ని ఈ జిల్లావారు మరచిపోలేరు. 2017 జూన్ 20న ఈ జిల్లాలోని కొండపాకలోనే దానిని ప్రారంభించారు. 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్. అప్పట్లో యూనిట్ ధర రూ.1.25 లక్షలు కాగా, లబ్ధిదారుడు తన వాటాగా రూ.31,250 కట్టాడు. గొర్రె చెవికి పోగు, లబ్ధిదారునికి ఫోటో, ఆధార్, అమ్మినవారికి బ్యాంకు ఖాతా, అన్నిటికీ కాగితాలు ఉన్నాయి.

ఇన్ని కాగితాలున్నా ఏమైంది? ఒకే చెవిపోగు నంబరును ఒకటికి మించి గొర్రెలకు చూపారని 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక వేలెత్తి చూపింది. అదే నెలలో ఏసీబీ కొందరు అధికారులను అరెస్టు చేసింది. గొర్రెలు అమ్మిన ఆంధ్ర ప్రాంతపు రైతులకు చేరవలసిన రూ.2 కోట్లకు పైగా సొమ్మును వేరేవారి ఖాతాలకు మళ్ళించారన్నది అభియోగం. దోషులెవరో కోర్టు తేల్చవలసి ఉంది. అయితే రైతు పేరు మీద రాసిన వివరాలను రైతు చూసుకోలేని చోట, ఆ పేరుతో ఇంకొకరు సొమ్ము చేసుకొనే సందు ఉంటుందని అందరూ గ్రహించవలసి ఉంది.

అందుచేత గోప్యత పేరుతో లబ్ధిదారుల జాబితానే దాచేయడం తప్పు. ఎవరికి ఎన్ని గొర్రెలు వచ్చాయో పంచాయతీ గోడ మీద అంటించవలసిందే. అది ప్రజల సొమ్ము. కాని ఆ గోడ మీద ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు ఎందుకు? పేరు, ఊరు, యూనిట్, తేదీ చాలు. ప్రజలకు తెలియవలసినది ఒకటి, మోసగానికి పనికివచ్చేది మరొకటి. ఈ రెంటినీ విడదీయడం కష్టమైన పని కాదు.

దాచరానివి కూడా ఉన్నాయి

గుట్టు ఉండాలన్నంత మాత్రాన అంటురోగాన్ని దాచమని కాదు. 2009లో వచ్చిన పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం జాబితాలోని వ్యాధి సోకిందన్న అనుమానం వచ్చినప్పుడు యజమాని గ్రామ అధికారికో, పంచాయతీకో తెలియజేయాలి. అక్కడినుంచి కబురు పశువైద్యునికి చేరాలి. దొమ్మరోగంతో చచ్చిన పశువును గుట్టుగా కోసి పంచుకుంటే మనుషులకే ముప్పు. పశువులను ఈసుకుపోయేటట్లు చేసే బ్రూసెల్లోసిస్ కూడా పచ్చిపాల ద్వారా, మాయను ఒట్టి చేతులతో ముట్టుకోవడం ద్వారా మనుషులకు సోకుతుంది. పిచ్చికుక్క కరిచిన పశువు సంగతి ఇంటివారికే కాదు, దాన్ని తాకినవారికందరికీ తెలియాలి.

ఇటువంటి కబురు ఊరికి చేరవలసిందే. అయినా ఊరికి కావలసినది "ఫలానా వాడలో గాలికుంటు ఉంది, మందలను కలపకండి, టీకా వేయించండి" అన్న హెచ్చరిక. ఫలానా రైతు వల్లనే వచ్చిందని వేలెత్తి చూపడం వల్ల జరిగే మేలు లేదు. జరిగే కీడు మాత్రం ఉంది. ఒక రైతు నలుగురిలో అభాసుపాలైతే, పాలకేంద్రంలో అతని పాలు పక్కన పెడితే, రెండో రైతు నోరు విప్పడు. రోగాన్ని కొట్టంలోనే దాచి, నాటుమందు పోసి, నయం కాకపోతే రాత్రికి రాత్రి అంగడికి తోలుకుపోతాడు. రోగం నాలుగు ఊళ్ళకు పాకుతుంది. డాక్టరుకు నిజం చెప్పినవాడు నష్టపోడన్న నమ్మకం ఉన్నప్పుడే పల్లెలో రోగం తొందరగా బయటపడుతుంది. రైతు గుట్టును కాపాడడం ఊరి పశువులను కాపాడడంలో భాగమని అధికారులు గుర్తించవలసిన కారణం ఇదే.

చట్టం ఏమంటోంది?

వ్యక్తి గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. 2023 ఆగస్టులో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన విధుల అమలుకు అప్పటినుంచి 18 నెలల గడువు ఇచ్చారు. వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో ఆ నోటీసును తెలుగులో చదువుకొనే వీలు రైతుకు ఉండాలని, తప్పులుంటే దిద్దించుకొనే హక్కు ఉంటుందని ఈ చట్టం చెబుతుంది. సమాచారానికి తగిన రక్షణ కల్పించకుండా బయటపడనిస్తే రూ.250 కోట్ల దాకా జరిమానా వేయవచ్చు.

అయితే రైతులు రెండు సంగతులు గమనించాలి. సబ్సిడీలు, పథకాల కోసం ప్రభుత్వం వివరాలు తీసుకొనేటప్పుడు ప్రతిసారీ అనుమతి అడగనవసరం లేకుండా చట్టం వెసులుబాటు ఇచ్చింది. రెండవది, ఈ చట్టం కంప్యూటరులోని సమాచారానికే వర్తిస్తుంది. బల్ల మీది కాగితపు రిజిస్టరుకు వర్తించదు. పల్లె ఆసుపత్రిలో ఎక్కువగా ఉన్నది ఆ రిజిస్టరే. కనుక ఢిల్లీ చట్టం వచ్చింది గదా అని జిల్లా అధికారులు చేతులు ముడుచుకు కూర్చోరాదు.

చేయవలసినది

ఇందుకు పెద్ద ఖర్చు లేదు. రిజిస్టరును బల్ల మీద తెరిచి పెట్టకుండా సిబ్బంది వైపు ఉంచుకోవాలి, సాయంత్రం తాళం వేయాలి. చికిత్సకు పేరు, ఊరు, పశువు వివరాలు, ఫోన్ నంబరు చాలు. పథకానికి ఆధార్ తప్పనిసరి అయినప్పుడు తప్ప జిరాక్సులు అడగరాదు. అడిగినా చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ కాపీ సరిపోయే చోట దానినే తీసుకోవాలి. రోగుల చిట్టా ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టరాదని జిల్లా పశుసంవర్ధక అధికారులు లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. మందుల కంపెనీలవారు, దాణా వ్యాపారులు, బీమా ఏజెంట్లు వచ్చి రైతుల నంబర్లు అడిగితే ఇవ్వరాదు. గజ్వేల్, సిద్దిపేట వంటి పట్టణాలలోని ప్రైవేటు క్లినిక్కులు కూడా ఈ కట్టుబాటు పాటించాలి. కుక్కకు టీకా వేయించడానికి ఇచ్చిన ఇంటి చిరునామా ఇంకెవరి చేతికో పోరాదు.

రైతులు చేయవలసినది కూడా ఉంది. పశువును అమ్మినప్పుడు చెవిపోగు నంబరును కొన్నవారి పేరుకు మార్పించాలి. లేకపోతే ఆ పశువు ఎక్కడ తిరిగినా పాత యజమాని పేరు, ఫోన్ నంబరే వెంట తిరుగుతాయి. తమ పేరు మీద ఎన్ని పశువులు, ఏయే నంబర్లతో రాసి ఉన్నాయో ఏడాదికి ఒకసారైనా ఆసుపత్రిలో అడిగి చూసుకోవాలి. లేని పశువు ఉన్నట్లు రాసి ఉంటే వెంటనే రాతపూర్వకంగా తెలియజేయాలి. 1962కు ఫోన్ చేసి పశువైద్యం కోరడం వేరు, తెలియని నంబరు నుంచి ఫోన్ చేసినవారికి వివరాలు చెప్పడం వేరు అన్నది ఇంట్లో ఆడవారికి, పిల్లలకు కూడా చెప్పి ఉంచాలి. పాలు పితికేది, పశువును చూసుకొనేది చాలా ఇళ్ళలో ఆడవారే.

సిబ్బంది కొరత, పని భారం ఉన్నమాట నిజమే. కాని పుస్తకం మూసి పెట్టడానికి అదనపు ఉద్యోగి అక్కరలేదు. మళ్ళీ గాలికుంటు టీకాల కార్యక్రమం వచ్చేలోగా జిల్లా అధికారులు ఈ విషయమై స్పష్టమైన ఆదేశాలు ఇచ్చి, ప్రతి పశువైద్యశాల గోడ మీద రైతుకు అర్థమయ్యే తెలుగులో రాయించడం ఎంతైనా అవసరం.