ఎత్తేది యంత్రం, నలిగేది చేయి

సూరత్ నగరానికి దక్షిణ దిశలో, ముంబయి–అహమ్మదాబాద్ రైలు మార్గంపై ఉధనా, సచిన్ స్టేషన్ల నడుమ భేస్తాన్ ఉన్నది. ఆ చుట్టుపట్ల అంతా మరమగ్గాల షెడ్లు, అద్దకపు మిల్లులు. తెలంగాణ నుండి తరలి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలెన్నో సూరత్ మగ్గాలపై జీవనం సాగిస్తున్నాయి. తెగిన పోగును అతికేది వ్రేళ్ళే గనుక చేతి విలువ వారికి వేరుగా చెప్పనక్కరలేదు. అయితే దారం చుట్టిన పడుగు బీమును ఒక్క మనిషి ఎత్తలేడు. బట్ట మూటలను పై అంతస్తుకు చేర్చడమూ కష్టమే. అటువంటి పనులకు విద్యుత్ హాయిస్టు ఆధారమైనది. మన వర్క్‌షాపులలో మోటార్లను, గేర్‌బాక్సులను ఎత్తేదీ అదే.

హాయిస్టు ప్రమాదమనగానే గొలుసు తెగి బరువు మీద పడటమే మనకు స్ఫురిస్తుంది. కాని చేతికి గాయం కావడానికి ఏదీ తెగనక్కరలేదు. యంత్రం సక్రమంగా పనిచేస్తూ ఉండగానే వ్రేళ్ళు నలుగుతాయి. వదులుగా ఉన్న స్లింగు బిగుసుకొనే క్షణం ఒకటి, బరువు స్టాండుపై కూర్చునే క్షణం మరొకటి. స్లింగు జారకుండా పట్టుకొందామనో, బరువును కాస్త సర్దుదామనో చేయి దానంతటదే ముందుకు పోతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. నిమిషానికి 6 మీటర్ల వేగంతో ఎత్తే హాయిస్టు చూపులకు నిదానంగానే కదులుతుంది. అనగా సెకనుకు 10 సెంటీమీటర్లు. వ్రేలి మందం సుమారు ఒకటిన్నర సెంటీమీటరు. ఆ దూరం దాటడానికి 0.15 సెకను చాలు. ప్రమాదాన్ని చూసి బటన్ వదలడానికి మనిషికి కనీసం 0.2 సెకను పడుతుంది. ఆపైన బ్రేకు పట్టవలె. కనుక ఎంతటి నేర్పరి అయినా కేక విని ఆపే లోపు జరగవలసిన నష్టం జరిగిపోతుంది. అప్రమత్తత ఒక్కటే చాలదు. చేయి అక్కడ లేకపోవడమే అసలైన రక్షణ.

అందుకు పాటించవలసినవి:

1. స్లింగు బిగిసే ముందే చేతులు తీయాలి. తీసినట్లు కంటితో చూసిన పిమ్మటనే బటన్ నొక్కాలి.

2. వ్రేలాడే బరువును త్రాడుతోనో, కొక్కెపు కడ్డీతోనో నడిపించాలి.

3. దించే చోట ముందుగానే చెక్క దిమ్మలు అమర్చుకోవాలి. అప్పుడు స్లింగు లాగడానికి బరువు క్రింద చేయి పెట్టనక్కరలేదు.

4. సంజ్ఞ ఇచ్చేవారు ఒక్కరే ఉండాలి. ‘ఆపు’ అని మాత్రం ఎవరు అన్నా ఆపవలసిందే.

5. కదిలే గొలుసు, డ్రమ్ముల వద్ద ఉంగరాలు, వదులు తొడుగులు తగవు. మరమ్మతుకు ముందు విద్యుత్తు తీసి తాళం వేయాలి.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 29వ సెక్షన్ ద్వారా, ఎత్తే యంత్రాలను, గొలుసులను కనీసం 12 నెలలకు ఒకసారి అర్హుడైన వ్యక్తి పరీక్షించాలని నిర్దేశించింది. ఇది ఎంతో అవసరమైన నియమం. కాని ఆ పరీక్షాపత్రం గొలుసు బలాన్ని మాత్రమే తెలుపుతుంది. చేతిని ఎక్కడ ఉంచాలన్నది ప్రతిసారీ మనమే నిర్ణయించుకోవాలి.

ఇంటివారికి కూడా ఒక మాట. దురదృష్టవశాత్తు వ్రేలు తెగిపోతే గాయాన్ని శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టి రక్తం ఆపాలి. తెగిన భాగాన్ని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసు నీటిలో ఉంచి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. తెగిన భాగం ఐసుకు నేరుగా తగలరాదు.

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం బొటనవ్రేలు పోతే సంపాదనాశక్తిలో 30 శాతం, చూపుడువ్రేలు పూర్తిగా పోతే 14 శాతం, ఒక చేతి నాలుగు వ్రేళ్ళూ పోతే 50 శాతం నష్టమని లెక్కగట్టింది. చొక్కా గుండీ పెట్టుకోలేని ఇబ్బంది, బిడ్డకు అన్నం కలిపి పెట్టలేని బాధ ఏ శాతంలోకీ రావు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు. రేపు డ్యూటీలో బటన్ నొక్కే ముందు, ఎదుటివాని రెండు చేతులూ మీకు కనబడుతున్నాయేమో ఒక్కసారి చూడండి.