చేర్చుకున్నవారి పూచీ ఎవరిది?

నేడు మన పట్టణాల్లోనే కాదు, మండల కేంద్రాల్లో సైతం కమీషన్ మీద సరుకులు అమ్మే బృందాలు విరివిగా ఏర్పడుతున్నాయి. సబ్బులు, పోషకాహారపు పొడులు, సౌందర్య సామగ్రి, నీటిని శుద్ధిచేసే యంత్రాలు... ఇలా ఏదో ఒక సరుకు ఉంటుంది. అమ్మినవారికి కొంత కమీషన్ ముడుతుంది. తన కింద మరికొందరిని చేర్చినవారికి, వారి వ్యాపారంలో నుంచి మరికొంత ముడుతుంది. చదువు ముగించినా ఉద్యోగం దొరకని యువకులు, ఇంటిపట్టున ఉంటూనే నాలుగు రూపాయలు సంపాదించుకుందామనుకునే స్త్రీలు, గల్ఫ్ దేశాల నుంచి తిరిగివచ్చి ఏ పని మొదలుపెట్టాలో తోచని పెద్దలు వీటిలో చేరుతున్నారు.

చేరిన తొలి వారాల్లో ఉత్సాహానికి కొదవ ఉండదు. రెండో నెలలో అది సన్నగిల్లుతుంది. మరికొన్నాళ్ళకు సమావేశాలకు రావడం మానేస్తారు, ఫోను చేస్తే పలకరు. అప్పుడు వారిని చేర్చినవారు తలలు పట్టుకుంటారు. 'వీళ్ళను మళ్ళీ ఎలా కదిలించాలి? వీళ్ళలో హిమ్మత్ ఎలా నింపాలి?' అన్నదే వారి చింత. ఈ ప్రశ్న వేసుకోవడంలో తప్పు లేదు. ఒకరిని ఒక పనిలోకి తెచ్చినవారు అతని బాగోగులు పట్టించుకోవలసిందే. అయితే జవాబును వెతుకుతున్న చోటు మాత్రం సరైనది కాదు.

సాధారణంగా జరుగుతున్నదేమిటి? తెల్లవారగానే వాట్సప్‌లో ఉత్తేజపరిచే మాటలు వస్తాయి. వారానికోసారి ఒక హాలు అద్దెకు తీసుకుంటారు. సూటు ధరించిన ఒక పెద్దమనిషి వేదికెక్కి తన కారును, తన విదేశీ ప్రయాణాలను వర్ణిస్తాడు. అందరిచేతా చప్పట్లు కొట్టిస్తాడు. మధ్యలో మానేసేవాడు పిరికివాడనీ, కలలు కనడం చేతకానివాడనీ చెబుతాడు. మనవారి మధ్య జరిగే సమావేశాల్లో దీనికి మరొకటి తోడవుతుంది. అల్లాహ్ మీద భరోసా ఉంచితే నెలకు ఇంత చొప్పున బరకత్ కలుగుతుందని చెప్పేవారూ ఉన్నారు. దైవం మీద నమ్మకం ఒకటి, ఒక కంపెనీ కమీషన్ పట్టిక మీద నమ్మకం మరొకటి. రెండింటినీ ఒకే మాటలో కలిపి అమాయకుల ముందు ఉంచడం న్యాయం కాదు. ఆ పట్టిక తప్పితే ఆ అమాయకుడు తన ఈమాన్‌లోనే లోపం ఉందేమోనని కుమిలిపోతాడు.

ఇంతకూ కొత్తవాడు ఎందుకు ఆగిపోతాడు? సోమరితనం వల్లనేనా? ఒకసారి లెక్క వేసి చూద్దాం. ఒక్కొక్కరు అయిదుగురిని చేర్చాలన్నది నియమం అనుకుందాం. మొదటి మెట్టులో 5 మంది, రెండో మెట్టులో 25 మంది, మూడో మెట్టులో 125, నాలుగులో 625, అయిదులో 3,125 మంది అవుతారు. పైనున్న మొదటివాడితో కలిపి మొత్తం 3,906 మంది. వీరిలో 3,125 మంది, అంటే నూటికి 80 మంది, చివరి మెట్టులోనే ఉంటారు. వారి కింద ఎవరూ ఉండరు. వారంతా తలా అయిదుగురిని తెచ్చినా నిష్పత్తి మారదు. ఈసారి ఆ కొత్తవారే నూటికి 80 మంది అవుతారు. ఇదే వరుసలో సాగితే 11వ మెట్టుకు 4 కోట్ల 88 లక్షల మంది కావాలి. 12వ మెట్టుకు 24 కోట్లు దాటాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా, ఉయ్యాలలోని పసిపాపలతో సహా, సుమారు 8 కోట్ల 46 లక్షలు మాత్రమే.

అంటే మనుషులను చేర్చడమే సంపాదనగా నడిచే బృందంలో, ఎంత ఉత్సాహపరిచినా ప్రతి అయిదుగురిలో నలుగురికి చేర్పుల మీద పైసా రాదు. ఇది వారి స్వభావదోషం కాదు, ఆ ఏర్పాటులోని దోషం. నిచ్చెనకు మెట్టు లేనిచోట కాలు పెట్టమని చెప్పి, పడినవాడిని చేతకానివాడని నిందించడం ఎంతవరకు సబబు?

'యాక్టివ్‌గా ఉండడం' అన్న మాటను కూడా పరిశీలించాలి. అనేక బృందాల్లో ఈ మాటకు అర్థం ఏమిటంటే, నెలనెలా ఇన్ని పాయింట్ల సరుకు తన పేరు మీద కొనడం. కొనకపోతే కమీషన్ అర్హత పోతుంది. కనుక అమ్ముడుపోని సరుకునే మళ్ళీ కొంటారు. డబ్బాలు అల్మారాలో పేరుకుంటాయి, వాటి గడువు తేదీ దాటిపోతుంది. చేతిలో డబ్బు లేనివారు నగ కుదువ పెట్టో, చేబదులు తెచ్చో కొంటారు. కంపెనీ పుస్తకంలో అతడు చురుకైన సభ్యుడు. అతని ఇంట్లో మాత్రం అతడు అప్పులపాలైన మనిషి. ఇటువంటి చురుకుదనాన్ని పెంచడం ప్రోత్సాహం అవుతుందా?

ఈ విషయంలో చట్టాలు, న్యాయస్థానాలు కూడా ఏనాడో గీత గీశాయి. మన దేశంలో 1978లోనే ప్రైజు చిట్లను, ధన చలామణి పథకాలను నిషేధిస్తూ చట్టం వచ్చింది. సభ్యులను చేర్చడం మీద ఆధారపడి, సులువుగా డబ్బు వస్తుందని ఆశచూపే గొలుసుకట్టు పథకాలు దాని పరిధిలోకి వస్తాయి. ఆమ్వే సంస్థ మీద కేసు నమోదైనప్పుడు ఆ సంస్థ ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 2007లో న్యాయస్థానం ఆ సంస్థ పథకం ఈ చట్టం పరిధిలోకి వస్తుందనే అభిప్రాయపడింది. 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రత్యక్ష విక్రయాలకు నియమాలు ప్రకటించింది. వీటి ప్రకారం సరుకును నేరుగా వినియోగదారుడికి అమ్మడం చట్టసమ్మతమే. గొలుసుకట్టు పథకాలు మాత్రం నిషిద్ధం. కొత్తగా చేరబోయేవారిని పుస్తకాలు, ప్రదర్శన సామగ్రి కొనితీరాలని ఒత్తిడి చేయడం కూడా నిషిద్ధమే. ఉత్సాహాన్నే సరుకుగా మార్చి, పుస్తకాలు కొనిపించి కాలం గడిపేవారు ఈ నియమాన్ని తప్పక చదవాలి.

ఇటువంటి వ్యాపారం పుట్టిపెరిగిన అమెరికాలోనూ ఇదే ముచ్చట. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1979లో ఆమ్వే వ్యవహారాన్ని విచారించి, అది పిరమిడ్ పథకం కాదని తేల్చింది. అలా తేల్చడానికి ఆ సంస్థలోని కొన్ని నియమాలు కారణమయ్యాయి. కొన్న సరుకులో 70 శాతం అమ్మిన తరువాతే కమీషన్, నెలకు పదిమంది వినియోగదారులకు అమ్మినట్లు రుజువు, మానేసేవారి సరుకును తిరిగి తీసుకోవడం, ఇవీ ఆ నియమాలు. 2016లో హెర్బాలైఫ్ సంస్థ 20 కోట్ల డాలర్లు చెల్లించి అదే కమిషన్‌తో రాజీ చేసుకున్నప్పుడు విధించిన షరతు కూడా ఇటువంటిదే. అమ్మకందార్లకు ఇచ్చే ప్రతిఫలంలో కనీసం మూడింట రెండు వంతులు, రుజువున్న చిల్లర అమ్మకాల మీదనే ఆధారపడాలన్నారు. దేశాలు వేరైనా సారాంశం ఒక్కటే. బయటి మనిషి తన అవసరం కోసం, తన డబ్బుతో సరుకు కొన్నప్పుడే అది వ్యాపారం.

కాబట్టి బృందాలు నడిపే సోదరులకు, సోదరీమణులకు మేము చెప్పదలచింది ఇదే. కొత్తవారిని నిలబెట్టేది ఉపన్యాసం కాదు, బయటి గిరాకీ నుంచి వచ్చిన పైకం. వాయిదాల మీద చీరలు అమ్ముతూ ఊరూరా తిరిగే మన వ్యాపారులను చూడండి. సైకిలు మీద మూట కట్టుకొని ఎండలో తిరిగే ఆ మనిషికి ఎవరు చప్పట్లు కొడుతున్నారు? అయినా అతడు ఏళ్ళ తరబడి పని మానడు. ఏ వీధిలో ఏ ఇంటికి ఏ రంగు నచ్చుతుందో అతనికి తెలుసు. సాయంత్రానికి చేతిలో ఎంతో కొంత పడుతుంది. దర్జీ ఉస్తాద్ తన షాగిర్దును ఎలా తయారుచేస్తాడో గమనించండి. ముందు కాజాలు కుట్టిస్తాడు, తరువాత కత్తెర చేతికిస్తాడు. పాడైన గుడ్డకు తానే జవాబు చెప్పుకుంటాడు. పని రాని పిల్లవాడిని మరో అయిదుగురు షాగిర్దులను పట్టుకురమ్మని పంపడు.

అదే పద్ధతిని ఇక్కడా పాటించవచ్చు. చేర్చుకునే రోజునే ఉన్నదున్నట్లు చెప్పండి. మీకు వచ్చిన అతి పెద్ద చెక్కును కాక, మీ బృందంలో మామూలు సభ్యుడికి నెలకు ఎంత మిగులుతున్నదో చూపండి. సరుకు గుణం, ధర, బజారులో దొరికే అదే రకం సరుకుతో తేడా నేర్పండి. మొదటి పదిమంది గిరాకీల దగ్గరకు మీరే వెంట వెళ్ళండి. ఆ పదిమంది అతని అమ్మానాన్నలు, అత్తమామలు, అక్కచెల్లెళ్ళు కాకుండా చూడండి. మొహమాటానికి ఒక డబ్బా కొన్న ఖాలా రెండోసారి తలుపు తీయడానికి జంకుతుంది. చుట్టరికాన్ని పెట్టుబడిగా వాడుకుంటే వ్యాపారం నిలవదు, చుట్టరికమూ నిలవదు.

ప్రతి సభ్యుడిచేతా ఒక లెక్కల పుస్తకం పెట్టించండి. ఒక పక్క వచ్చిన కమీషన్, మరో పక్క బస్సు చార్జీలు, ఫోను ఖర్చు, నమూనాలు, సమావేశాల టిక్కెట్లు, అమ్ముడుపోని సరుకు రాయాలి. నెలాఖరున ఇద్దరూ కూర్చొని చూడాలి. మిగులు కనిపిస్తే అంతకు మించిన ప్రోత్సాహం లేదు. వరుసగా కొన్ని నెలలు లోటే కనిపిస్తే, సరుకునో, అమ్మే పద్ధతినో మార్చాలి. అదీ కుదరకపోతే నిజాయితీగా ఆపమని చెప్పాలి.

ఎవరైనా మౌనం వహిస్తే గ్రూపులో పదిమంది ముందు అతని పేరు రాసి సిగ్గుపరచవద్దు. ఇంటికి వెళ్ళి కుశలం అడగండి. ఇంట్లో జబ్బు ఉండవచ్చు, అప్పు బాధ ఉండవచ్చు. టార్గెట్ సంగతి ఆ పూటకు పక్కన పెట్టండి. అలాగే బయటికి వెళ్ళే దారిని దాచవద్దు. ఒప్పందం నుంచి వెనక్కి తగ్గే గడువు గురించీ, అమ్మదగిన సరుకును తిరిగి ఇచ్చే వీలు గురించీ 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలే చెప్పాయి. ఆ సంగతి కొత్తవాడికి మొదటి రోజే తెలియాలి. వెళ్ళిపోవడానికి దారి ఉందని తెలిసీ ఉన్నవాడే ఇష్టంతో పనిచేస్తాడు.

ఇలా చేస్తే బృందం చిన్నదవుతుందని కొందరు భయపడవచ్చు. నిజమే, చిన్నదవుతుంది. కాగితం మీద మూడు వందల పేర్లుండి ఫోనెత్తే వారు పదిమంది ఉండడం కంటే, నెలనెలా ఇంటికి ఖర్చులు పోను కొంత తీసుకువెళ్ళే పదిమంది ఉండడమే మేలు కాదా? ఇన్ని చేసినా బయటి గిరాకీ దొరకని సరుకైతే, దానిని ఇంకొకరి నెత్తిన రుద్దవద్దు, ముందుగా మీరే అందులో నుంచి బయటికి రండి. మిమ్మల్ని నమ్మి, మీ మాట మీద డబ్బు పెట్టిన మనిషి మీ చేతిలో ఒక అమానత్. ఇకమీదట కొత్త పేరు రాసుకునే ముందు, నిరుడు రాసుకున్న పేర్ల దగ్గరకు ఒక్కసారి వెళ్ళి రండి. వారి చేతిలో ఏం మిగిలిందో అడిగి తెలుసుకోండి.