పిచ్చి మొక్కలకీ పేర్లున్నాయి

ఇంగ్లిష్ మీడియంలో చదివిన మనకి రోజ్, లోటస్, సన్‌ఫ్లవర్ తెలుసు. ఖాళీ ప్లాట్లలో, రోడ్డు పక్కన వాటంతటవే పూసేవాటన్నిటికీ కలిపి మన దగ్గర ఉన్నది ఒకటే మాట: పిచ్చి మొక్కలు. ఈ మాట వల్ల చాలా నష్టం జరుగుతోందని నా అభిప్రాయం. పేరు తెలియనిదాన్ని పీకెయ్యడానికి ఎవరికీ చెయ్యి వణకదు.

ఆ పిచ్చి మొక్కల కోసమే జీవితమంతా తిరిగిన ఒకాయన ఉన్నాడు, విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లాండ్‌లో పుట్టి, 1776లో ఈస్టిండియా కంపెనీ డాక్టర్‌గా మద్రాసు వచ్చాడు. 1781 నుంచి దాదాపు పన్నెండేళ్ళు సామర్లకోటలో ఉన్నాడు. చుట్టుపక్కల తిరిగి మొక్కలు సేకరించాడు, స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. 1787 ఉప్పెనలో ఆయన సేకరణ, కాగితాలు కొట్టుకుపోయాయి. అయినా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళాక కూడా ఆ పని ఆపలేదు. మన తీరం మొక్కల మీద ఆయన పుస్తకం 'ప్లాంట్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫ్ కోరమాండల్' 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో వచ్చింది. అది పూర్తయ్యేసరికి ఆయన లేడు, 1815లోనే చనిపోయాడు.

నాకు అన్నిటికంటే నచ్చింది, చాలా మొక్కల దగ్గర తెలుగువాళ్ళు దాన్ని ఏమంటారో అడిగి రాసుకోవడం. మొదటి సంపుటిలో ఆకుల్లేని, కండగల కాడలతో నేల మీద పెరిగే ఒక చిన్న మొక్క ఉంది. దాని తెలుగు పేరు 'కార్-అల్లం' అని రాశాడు. 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త ఆ మాటతోనే 'కారల్యూమా' అనే ప్రజాతికి పేరు పెట్టాడు. తర్వాత ఆఫ్రికా, అరేబియా మొక్కలకి కూడా అదే ఇంటిపేరయింది. ఇప్పుడు బరువు తగ్గే క్యాప్సూల్ డబ్బాల మీద కూడా ఆ పేరు కనిపిస్తుంది. అది తెలుగు మాట అని మనలో ఎంతమందికి తెలుసు?

రాక్స్‌బర్గ్‌ని దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. కంపెనీకి కావాల్సింది రంగులు, కలప, లాభం. మొక్కల పేర్లు పుస్తకంలోకి ఎక్కాయి గానీ, ఆ పేర్లు చెప్పినవాళ్ళ పేర్లు ఎక్కలేదు.

ఇక మన ఏరియా సంగతి. బతుకమ్మ ముందు దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్‌ల మీద గునుగు, తంగేడు కట్టలు అమ్ముతారు. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. గునుగు చేలల్లో వచ్చే కలుపు. రెండింటికీ కావాల్సింది ఎవరూ కదిలించని కాస్త నేల. ఎల్బీ నగర్ దాటితే వనస్థలిపురం దగ్గర హరిణ వనస్థలిలో అలాంటి తుప్పల అడవి ఇంకా మిగిలింది. 1994లో అది నేషనల్ పార్క్ అయింది కాబట్టి బతికింది. దాని చుట్టూ ఉన్న నేలంతా ప్లాట్లయింది.

"గూగుల్ లెన్స్ ఉంది కదా, పేరు అదే చెప్తది" అంటారు. చెప్తుంది, లాటిన్‌లోనో ఇంగ్లిష్‌లోనో. ఏ మోడల్‌కైనా మనం ఇచ్చిన లేబుల్సే తెలుస్తాయి. సీఎస్ చదివే మనకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. తెలుగు లేబుల్ ఎవరూ రాయకపోతే దానికి తెలుగు పేరు లేనట్టే. ఆ పేర్లు తెలిసిన అమ్మమ్మలు, పూలమ్మే అక్కలు ఇప్పుడైతే ఉన్నారు. వాళ్ళని అడగడానికి మనకున్న టైమే తక్కువ.

అందుకే క్లబ్‌కి ఒక ప్రపోజల్. ఈ బతుకమ్మకి ఒక్కొక్కరం ఐదు పూల ఫోటోలు తీద్దాం. అమ్మేవాళ్ళని "అక్కా, దీన్ని మీ ఊళ్ళో ఏమంటారు?" అని అడుగుదాం. పేరు, ఊరు రాసుకుందాం. ఐనాచురలిస్ట్‌లో, తెలుగు వికీపీడియాలో పెడదాం. ఒప్పుకుంటే చెప్పినవాళ్ళ పేరు కూడా రాద్దాం. రాక్స్‌బర్గ్ చెయ్యని పని అదొక్కటే.