లీటరుకు ఎంతని కాదు.. లోపల ఏముందని అడగండి!

నా ఉద్యోగ జీవితంలో నేను సంతకం పెట్టిన మొదటి పెద్ద పర్చేజ్ ఆర్డర్ పది డబ్బాల కోసం. ఒక్కోటి వెయ్యి లీటర్లు పట్టేది. చుట్టూ ఇనుప పంజరం, లోపల తెల్లటి ప్లాస్టిక్ ట్యాంకు, అడుగున ఫోర్క్‌లిఫ్ట్ దూరడానికి పాలెట్. ఫ్యాక్టరీల దగ్గర, లారీల మీద మీరు చూసే ఉంటారు. పరిశ్రమలో వాటిని ఐబీసీలు అంటారు. ఇంటర్మీడియట్ బల్క్ కంటైనర్లు అన్నమాట.

నింపాల్సింది 12 శాతం సోడియం హైపోక్లోరైట్. నీటి శుద్ధికి వాడే ద్రవం. కొత్త ఐబీసీల ధర చూసి, వాడేసినవి తక్కువకు ఇచ్చే వ్యాపారిని పట్టుకున్నాను. ఎంత మిగిల్చానో ఎక్సెల్ షీట్‌లో రాసి మేనేజర్‌కు చూపించాను. శభాష్ అన్నారు. ఇంజినీరింగ్ పూర్తయి ఏడాది కూడా కాలేదు. గాల్లో తేలిపోయాను.

అది మే నెల. రావాల్సిన లారీ రెండు రోజులు ఆలస్యమైంది. నింపిన ఐబీసీలు యార్డులో ఎండలోనే ఉండిపోయాయి. మూడో రోజు పొద్దున చూస్తే ట్యాంకులు కడుపుబ్బినట్టు పంజరం కడ్డీల్లోంచి బయటికి ఉబ్బుకొచ్చాయి. ఒక లోడింగ్ కార్మికుడు ఏమైందో చూద్దామని పైమూత తిప్పాడు. లోపలి ఒత్తిడికి ద్రవం ఒక్కసారిగా ఎగజిమ్మింది. కుళాయి పక్కనే ఉండటం, పావుగంట ఆపకుండా కళ్లు కడగటం వల్ల అతని చూపు దక్కింది.

స్టోర్స్ చూసుకునే పెద్దాయన నన్ను పక్కకు పిలిచి ఒక్కటే అడిగారు. "ధర చూశావు సరే. లోపల పోసేదేంటో చూశావా బాబూ?"

చూడలేదు. హైపోక్లోరైట్ వేడికీ వెలుతురుకూ విచ్ఛిన్నమై ఆక్సిజన్ వదులుతుంది. ఆ వాయువు బయటికి పోయేలా వెంట్ ఉన్న మూత కావాలి. నేను కొన్నవాటికి మామూలు మూతలు. పైగా అంచు దాకా నింపించాం. ఈ రెండు ముక్కలూ సేఫ్టీ డేటా షీట్‌లో ఉన్నాయి. ఆ షీటు నా మెయిల్‌లోనే ఉంది. నేను తెరవలేదు, అంతే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ద్రవాన్ని దేనిలో నిల్వ చేయాలి, దేనిలో పంపాలి అనేది గుమాస్తా పని కాదు, ఇంజినీరింగ్ నిర్ణయం. దాన్ని కొటేషన్ల పట్టికకు వదిలేస్తున్నాం. కాలేజీల్లో కూడా ప్రెజర్ వెస్సెల్ గోడ మందానికి ఫార్ములా నేర్పుతారు కానీ, మార్కెట్లో దొరికే నాలుగు రకాల కంటైనర్లలో ఏది ఎంచుకోవాలో నేర్పరు.

అందరూ వాడుతున్నారని..

ముందు బజారులో ఉన్నవేంటో చూద్దాం. చిన్నవి 35, 50 లీటర్ల కార్బాయ్‌లు. తర్వాత 200 లీటర్ల డ్రమ్ములు. ఆపైన వెయ్యి లీటర్ల ఐబీసీ. ఇంకా పెద్దవి కావాలంటే ట్యాంకర్ లారీలు, సుమారు 24 వేల లీటర్లు పట్టే ఐఎస్‌ఓ ట్యాంకులు. వంటనూనెల్లాంటి ప్రమాదం లేని ద్రవాలకైతే 20 అడుగుల కంటైనర్‌లో పరిచే ఫ్లెక్సీట్యాంకులూ ఉన్నాయి.

ఐబీసీ ఇంతగా పాకిపోవడానికి కారణం లేకపోలేదు. ఒక పాలెట్ మీద నాలుగు డ్రమ్ములు పెడితే 800 లీటర్లు. దాదాపు అంతే చోటులో ఐబీసీ వెయ్యి లీటర్లు మోస్తుంది. ఒకటి మీద ఒకటి పేర్చొచ్చు. కింద వాల్వ్ తిప్పితే చాలు, పంపు లేకుండానే ద్రవం దిగుతుంది. ఇన్ని సుగుణాలు ఉండబట్టే 'ఐబీసీలో పంపేద్దాం' అనేది ఆలోచన అక్కర్లేని జవాబైపోయింది. ప్రమాదం మొదలయ్యేది అక్కడే. ఆ మాట అనేముందు అయిదు ప్రశ్నలు వేసుకోవాలి.

1. దేనితో పడదు?

ఐబీసీ లోపలి ట్యాంకు హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్. కాస్టిక్ లై, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, హైపోక్లోరైట్ లాంటివాటికి ఇది భేషుగ్గా సరిపోతుంది. టోలూయిన్, జైలీన్ లాంటి ద్రావకాలకు కాదు. అవి ప్లాస్టిక్‌లోకి ఇంకి దాన్ని ఉబ్బించి మెత్తబరుస్తాయి. వాటికి ఉక్కు డ్రమ్మో, లోహపు ఐబీసీయో కావాలి. అలాగని ఉక్కు అన్నింటికీ మందు కాదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉక్కును తినేస్తూ హైడ్రోజన్ వదులుతుంది.

ఇంకో విచిత్రం చూడండి. 98 శాతం గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని మామూలు ఉక్కు ట్యాంకుల్లో నిల్వ చేస్తారు. అదే ఆమ్లాన్ని నీళ్లు కలిపి పలుచన చేస్తే ఆ ఉక్కునే కొరికేస్తుంది. పలుచనైతే ప్రమాదం తగ్గుతుందనుకుంటాం కదా? ఇక్కడ తిరగబడింది. అందుకే ద్రవం పేరు తెలిస్తే చాలదు, గాఢత కూడా తెలియాలి.

ట్యాంకు సరిపోయినా వాల్వ్‌లో గాస్కెట్ సరిపోకపోవచ్చు. ఈపీడీఎం రబ్బరు కాస్టిక్‌కు బాగుంటుంది, పెట్రోలియం నూనెలకు ఉబ్బిపోతుంది. విటాన్ నూనెలకు తట్టుకుంటుంది, అసిటోన్‌కు తట్టుకోదు. వెయ్యి లీటర్ల సరుకు భవిష్యత్తు వేలెడంత రబ్బరు చేతిలో ఉంటుంది.

2. లీటర్లు సరే, కిలోలు ఎన్ని?

వెయ్యి లీటర్ల నీళ్లంటే ఒక టన్ను. వెయ్యి లీటర్ల 50 శాతం కాస్టిక్ లై అంటే ఒకటిన్నర టన్నులు. గాఢ సల్ఫ్యూరిక్ అయితే 1.84 టన్నులు. ఖాళీ ఐబీసీ బరువే 60 కిలోల దాకా ఉంటుంది. మీ ఫోర్క్‌లిఫ్ట్ సామర్థ్యం ఒకటిన్నర టన్నులే అయితే కాస్టిక్ ఐబీసీ దగ్గరే చేతులెత్తేస్తుంది. ఐబీసీ ప్లేటు మీద సరుకుతో కలిపి గరిష్ఠంగా ఎంత బరువు ఉండొచ్చో రాసి ఉంటుంది. మీ ద్రవంతో నింపాక బరువు అంతకు మించితే ఆ ఐబీసీ మీది కాదు.

3. మండుతుందా?

టోలూయిన్ ఫ్లాష్ పాయింట్ సుమారు 4 డిగ్రీల సెల్సియస్. అంటే మన వాతావరణంలో ఏ రోజైనా దాని ఆవిరికి ఒక నిప్పురవ్వ చాలు. ప్లాస్టిక్ విద్యుత్ నిరోధకం. ద్రవం పోస్తున్నప్పుడు, దింపుతున్నప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు పోవడానికి దారి ఉండదు. మంటలు అంటుకుంటే ప్లాస్టిక్ ట్యాంకు నిమిషాల్లో కరిగి వెయ్యి లీటర్లనూ నేల మీదికి వదిలేస్తుంది. మండే ద్రవాలకు లోహపు పాత్రలు, ఎర్తింగ్ అడిగేది అందుకే. ఇది చాదస్తం కాదు.

4. ఎండకు, చలికి ఏమవుతుంది?

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ద్రవాలు వేడికి వ్యాకోచిస్తాయి. అందుకే ప్రమాదకర ద్రవాల రవాణాకు ఐక్యరాజ్యసమితి నమూనా నిబంధనలు ఒక లెక్క పెట్టాయి. ద్రవం 50 డిగ్రీలకు చేరినా ఐబీసీ 98 శాతానికి మించి నిండకూడదు. మే నెలలో లారీ మీద ప్రయాణాన్ని ఊహించుకుంటే ఆ 50 డిగ్రీలు ఎక్కడో ఎడారి లెక్క కాదని తెలుస్తుంది.

చలి కథ వేరు. గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం 16.6 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఇక్కడ నీళ్లలా పోసి పంపింది డిసెంబరులో ఢిల్లీ చేరేసరికి రాయిలా మారొచ్చు. అప్పుడు వాల్వ్ తిప్పి లాభం లేదు.

5. ఇంతకుముందు ఏముంది? తర్వాత ఎటు పోతుంది?

నేను కొన్న పాత ఐబీసీల్లో ముందు ఏం పోశారో నాకు తెలియదు. వాటిలో ఏ ఆమ్లమో అడుగున మిగిలి ఉండి, దాని మీద హైపోక్లోరైట్ పడి ఉంటే క్లోరిన్ వాయువు పుట్టేది. ఆ రోజు యార్డులో జరిగింది పెద్ద ప్రమాదమే. ఇది జరిగి ఉంటే దానికి ప్రమాదమనే మాట కూడా సరిపోయేది కాదు.

ఐబీసీ ప్లేటు మీద '31హెచ్‌ఏ1/వై' లాంటి కోడ్ ఉంటుంది. 31 అంటే ద్రవాలకు వాడే దృఢమైన ఐబీసీ. హెచ్ అంటే ప్లాస్టిక్, ఏ అంటే ఉక్కు. వై అంటే మధ్యస్థ, తక్కువ ప్రమాద వర్గాల సరుకుకు పనికొస్తుంది, అతి ప్రమాదకర వర్గానికి కాదు. పక్కనే తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. ప్రమాదకర ద్రవాలకైతే ఇలాంటి ప్లాస్టిక్ ఐబీసీ వాడకం మామూలుగా అయిదేళ్లే. 55 శాతం దాటిన నైట్రిక్ ఆమ్లానికైతే రెండేళ్లే. రెండున్నరేళ్లకోసారి లీకేజీ పరీక్ష కూడా జరగాలి. ఈ తేదీలు చూడకుండా కొనడమంటే ఎక్స్‌పైరీ చూడకుండా మందు కొనడమే.

వాడేసిన తర్వాతి సంగతి ఇంకా ముఖ్యం. ప్రమాదకర రసాయనాలు అంటిన ఖాళీ పాత్రలు 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల జాబితాలో ఉన్నాయి. వాటిని అనుమతి ఉన్నవారికే ఇవ్వాలి. కానీ రోడ్డు పక్కన అమ్మే నీలం డ్రమ్ములు మన ఇళ్లలో, వాడల్లో నీళ్లు పట్టుకోవడానికి వస్తూనే ఉన్నాయి. వాటిలో ముందు ఏముండేదో కొనేవారికి ఎవరు చెబుతున్నారు? ఎన్ని కడుగులు కడిగినా ప్లాస్టిక్‌లోకి ఇంకింది పూర్తిగా పోదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక ఇంజినీరు 'ఇది ఎటు పోతోంది' అని అడిగితే ఆగిపోయే గొలుసు ఇది.

'అంత ఖర్చు ఎవరు పెడతారు?'

ఈ మాట మీకు మొదటి నెలలోనే వినిపిస్తుంది. అందులో నిజం లేదని నేననను. ప్రతిదానికీ స్టెయిన్‌లెస్ స్టీల్ ఐబీసీ కొనమంటే ఏ కంపెనీ బతకదు. మంచి ఎంపిక అంటే ఖరీదైనది అని కాదు, సరిపోయేది అని. కొనుగోలుదారు దగ్గర ఫోర్క్‌లిఫ్టే లేకపోతే ఐబీసీ కన్నా డ్రమ్ములే మేలు. చరిత్ర తెలిసిన, పరీక్షించిన పాత ఐబీసీలో మళ్లీ అదే ద్రవం పోస్తే తప్పేం లేదు, అది పొదుపే.

ఒక్కోసారి పెద్దది చవకగా కనిపిస్తుంది కానీ పనికిరాదు. కస్టమర్‌కు 10 వేల లీటర్ల కాస్టిక్ లై కావాలి. 24 వేల లీటర్ల ఐఎస్‌ఓ ట్యాంకులో పోసి పంపితే? సగం కూడా నిండదు. లోపల అడ్డుపలకలు లేని ట్యాంకులో పలుచటి ద్రవాన్ని 20 నుంచి 80 శాతం మధ్య నింపి పంపకూడదని నిబంధన. మలుపులో, బ్రేకులో ద్రవం ఒక పక్కకు ఉరికి బండినే పడేస్తుంది కాబట్టి. ఇక్కడ పది ఐబీసీలే సరైన జవాబు.

నా వాదన ఖర్చుకు వ్యతిరేకం కాదు, సగం లెక్కకు వ్యతిరేకం. ఆ రోజు నేను మిగిల్చిన డబ్బు ఎక్సెల్‌లో ఉంది. పాడైన సరుకు, శుభ్రం చేసిన ఖర్చు, తిరిగి కొన్న ఐబీసీలు, ఆసుపత్రి బిల్లు ఆ షీట్‌లో లేవు. ఆ మనిషి కళ్లకు అసలు గడే లేదు.

ఇది మీకెందుకు?

ఎందుకంటే ఉద్యోగాలున్నది ఇక్కడ కూడా. పటాన్‌చెరు, పాశమైలారం, జీడిమెట్ల, పరవాడ, అచ్యుతాపురం.. ఈ పారిశ్రామిక ప్రాంతాల్లో ద్రవాలు కొనని, నింపని, పంపని రోజు ఉండదు. పర్చేజ్, స్టోర్స్, డిస్పాచ్, సేఫ్టీ, ఎగుమతి పత్రాలు.. ఎక్కడ చేరినా ఈ ప్రశ్న మీ టేబుల్ మీదికి వస్తుంది. కెమికల్ ఇంజినీర్లకే కాదు, మెకానికల్ వాళ్లకూ, బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లకూ, లాజిస్టిక్స్ చదివిన ఎంబీఏలకూ. కోడింగ్ రాకపోతే బతుకే లేదన్నట్టు కుంగిపోతున్న మిత్రులకు ప్రత్యేకంగా చెబుతున్నాను.

నేర్చుకోవడానికి కోర్సు ఫీజు అక్కర్లేదు. ఏదైనా రసాయనం సేఫ్టీ డేటా షీట్ తీయండి. అందులో 16 భాగాలుంటాయి. ముందు నాలుగు చదవండి. 7లో నిల్వ జాగ్రత్తలు, 9లో సాంద్రత, ఫ్లాష్ పాయింట్ లాంటి భౌతిక గుణాలు, 10లో దేనితో పడదో, 14లో రవాణా వివరాలు ఉంటాయి. రోజుకొక ద్రవం చొప్పున నెల రోజులు 'దీన్ని దేనిలో పంపాలి, ఎందుకు' అని అర పేజీ రాసుకోండి. ఈ రంగంలోనే ముందుకెళ్లాలనుకుంటే హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ కోర్సులు చూడండి.

ఇంటర్వ్యూలో 'ఈ ద్రవాన్ని దేనిలో పంపుతావు' అని అడిగితే వెంటనే జవాబు చెప్పేయకండి. "గాఢత ఎంత సార్? ఎంత దూరం? అక్కడ దింపుకోవడానికి ఏముంది?" అని అడగండి. తెలియక అడుగుతున్నాడని ఎవరూ అనుకోరు. పని తెలిసినవాళ్లు మొదలుపెట్టేదే అలా.

ఆ కార్మికుడు ఇప్పటికీ అదే యార్డులో పనిచేస్తున్నాడు. ఎప్పుడైనా కలిస్తే నవ్వుతూ అడుగుతాడు, "ఈసారి మూత చూసే కొన్నావా అన్నా?" అని. నేనూ నవ్వుతాను. కానీ ప్రతి ఆర్డర్ మీద సంతకం పెట్టే ముందు ఆ మాట గుర్తొస్తుంది. మీకు అలాంటి జ్ఞాపకం లేకుండానే ఆ అలవాటు రావాలని నా కోరిక.