ఊరూరి వంటలు: సర్వపిండి

పిల్లలూ! కొత్త ఊరికి వెళితే గుడి చూస్తాం, కోట చూస్తాం, చెరువు చూస్తాం. ఆ ఊరి వంట రుచి చూడకుండా తిరిగివస్తే ఊరు సగమే చూసినట్టు. ఈ నెల మనం హనుమకొండ నుంచి భూపాలపల్లి వెళ్ళే దారిలో ఉన్న పరకాలకు పోదాం.

ఈ ప్రాంతపు ఇళ్ళలో పేరుపడిన వంట సర్వపిండి. సర్వ అంటే గుండ్రని లోతైన గిన్నె. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, ఉల్లిపాయ, కరివేపాకు, ఉప్పు వేసి ముద్దగా కలుపుతారు. ఆ ముద్దను నూనె రాసిన సర్వ లోపల పలుచగా అద్ది, వేలితో చిల్లులు పెడతారు. ఆ చిల్లులు అందానికి కాదు. వాటిలో వేసిన నూనె అడుగుకు దిగి, పిండి అంటుకోకుండా కరకరలాడేట్టు కాలుస్తుంది. మూత పెట్టటంచేత ఆవిరి లోపలే నిలిచి పై భాగం మెత్తగా ఉడుకుతుంది. గిన్నె చల్లారితేగాని రెండవది అద్దటానికి వీలుండదు. కనుక తినేవాళ్ళకు ఓపిక ఉండాలి!

ఇప్పుడొక ప్రశ్న. 13వ శతాబ్దంలో ఓరుగల్లును ఏలిన రుద్రమదేవి ఇలాటి సర్వపిండి తిని ఉంటుందా? ఉండదు. అప్పుడు బియ్యం ఉన్నది. కాకతీయుల చెరువుల కింద వరి పండేది. నువ్వులూ ఉన్నవి. కాని మిరపకాయలూ, పల్లీలూ లేవు. ఆ రెండూ అమెరికా ఖండపు పంటలు. 1492లో కొలంబస్ ఆ వైపు చేరేదాకా మనవాళ్ళు వాటిని ఎరుగరు. తరువాత పోర్చుగీసువారి ఓడలలో మిరప మన దేశానికి వచ్చింది. అంతకుముందు కూరలకు కారం మిరియాలతోనే.

అలా వచ్చిన మిరప ఇక్కడిదే అయిపోయింది. వరంగల్లు ప్రాంతంలో పండే చపాటా మిరప లావుగా, టమాటాలాగా ఎర్రగా ఉంటుంది. రంగు ఎక్కువ, కారం తక్కువ. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. అనగా, అది ఈ నేల ప్రత్యేకత అని ప్రభుత్వమే ఒప్పుకున్నదన్నమాట.

దూరదేశాల్లోనూ ఇలాటి వంటలున్నవి. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో 'గంబో' అనే పులుసు ప్రసిద్ధి. ఆ పేరు ఆఫ్రికా భాషల్లో బెండకాయకు ఉన్న పేరునుంచి వచ్చిందంటారు. బెండను అక్కడికి తెచ్చినవారు బానిసలుగా పట్టుకుపోబడిన ఆఫ్రికా ప్రజలు. పిండి వేయించి పులుసు చిక్కబరచటం ఫ్రెంచివారి పద్ధతి. అందులో వేసే ఒక ఆకుపొడి అక్కడి ఆదివాసులైన చోక్టాలది. కెనడా తీరంలో ఉన్న ఫ్రెంచి రైతులను 1755లో ఇంగ్లీషువారు ఊళ్ళనుంచి వెళ్ళగొట్టసాగారు. వారి సంతతివారే కేజన్లు. వారూ తమ పద్ధతిలో గంబో వండుతారు.

మిరప ఎక్కడిదో పుస్తకాలు చెబుతాయి. కాని పిండికి నీళ్ళెన్ని, మంట ఎంత అన్నది మీ అమ్మమ్మ, నాయనమ్మల చేతులకే తెలుసు. అడగకపోతే ఆ లెక్క వారితోనే పోతుంది. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు పక్కన కూర్చుని, ఎన్ని పిడికిళ్ళు వేశారో లెక్కపెట్టి రాసుకోండి. పొయ్యి పని మాత్రం పెద్దలకే వదలండి. తరువాత ఆ వంటలోని దినుసుల్లో ఏది ఏ దేశంనుంచి వచ్చిందో వెతకండి.