మా ఇంటి సూపరింటెండెంటు మీద నేను చేసిన కంప్లైంటు

సూపరింటెండెంటు అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది ప్రభుత్వాసుపత్రి, జైలు, లేదంటే పదో తరగతి పరీక్షలప్పుడు గుమ్మం దగ్గర నిలబడి జేబులు వెతికించే చీఫ్ సూపరింటెండెంటు. ఇంకో రకం కూడా ఉందని నాకు డాలస్ ఉత్తరాన కొత్త ఇల్లు బుక్ చేసుకున్నాకే తెలిసింది. బిల్డరు తరఫున మన ఇల్లు దగ్గరుండి కట్టించే మనిషి అన్నమాట. ఆయన విషయంలో నేనొక తప్పు చేశాను. ఈ టపా దాని గురించే.

ముందు ఆయన చేసే పనేంటో చెప్పాలి. ఆయన మేకు కొట్టడు, సిమెంటు కలపడు. ఫ్రేమింగు వాళ్ళు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, ఏసీ వాళ్ళు, పెయింటర్లు అందరూ వేరే వేరే సబ్ కాంట్రాక్టర్ల మనుషులు. వీళ్ళెవ్వరూ ఆయన ఉద్యోగులు కారు. కానీ ఎవరి తర్వాత ఎవరు రావాలి, సిటీ ఇన్‌స్పెక్షన్ ఎప్పుడు పిలవాలి, చేసిన పని సరిగ్గా ఉందా లేదా, ఇవన్నీ ఆయన నెత్తిమీదే. మా ఆయనకి (మా ఇంటి సూపరింటెండెంటుకి లెండి :)) ఒకే సమయంలో పద్నాలుగు ఇళ్ళుండేవి. మన భాషలో చెప్పాలంటే, రిపోర్టింగ్ లేని వెండర్లతో ఒకేసారి పద్నాలుగు ప్రాజెక్టులు నడిపే రిలీజ్ మేనేజరు.

ఇంకో విషయం. టెక్సాస్‌లో ప్లంబరుకీ, ఎలక్ట్రీషియనుకీ రాష్ట్ర లైసెన్సు కావాలి. ఇల్లు కట్టే జనరల్ కాంట్రాక్టరుకి మాత్రం రాష్ట్ర లైసెన్సు అంటూ లేదు, ఆయన పెట్టే సూపరింటెండెంటుకీ లేదు. అంటే పనులన్నిటినీ కలిపి చూసే మనిషి విషయంలో మనం నమ్ముకోవాల్సింది ఆయన కంటినీ, మనస్సాక్షినీ.

ఇక నా సంగతి. 2022లో కట్టిన ఇల్లు అది. ముప్ఫై ఏళ్ళ లోను వడ్డీ జనవరి మొదట్లో 3.2 శాతం దగ్గరుండేది, మే నెలకి 5 దాటేసింది. నేను మధ్యలో ఎక్కడో రేటు లాక్ చేసుకున్నా. దానికో గడువు. శ్రావణ మాసంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించాం, గుంటూరు నుంచి అమ్మానాన్నలకి టిక్కెట్లు కూడా అయిపోయాయి. సరిగ్గా గోడలకి డ్రైవాల్ బిగించాల్సిన వారంలో సూపరింటెండెంటు ఫోన్ చేసి, పని ఆపేస్తున్నా, వారం పైనే పట్టొచ్చు అన్నాడు.

నేను ఎందుకని కూడా సరిగ్గా వినలేదు. మనకి బాగా అలవాటైన పనే చేశా. ఆయన పై మేనేజరుకి, సేల్స్ ఆవిడకి కాపీ పెట్టి ఒక పొడుగాటి మెయిల్ కొట్టా. షెడ్యూలు పాటించడం చేతకాదనీ, బాధ్యత లేదనీ రాశా. మన ఆఫీసుల్లో ఎస్కలేషన్ అంటాం కదా, అదే.

మర్నాడు ఆయనే రమ్మన్నాడు. మెయిల్ ఊసు ఎత్తలేదు. టార్చిలైటు తీసి పై అంతస్తు బాత్రూం కింద చూపించాడు. పై నేలని మోసే చెక్క దూలాలు అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు 'ఐ' అక్షరంలా ఉంటాయి. మధ్య భాగంలో, తయారీదారు చెప్పిన కొలతల్లోపు, కన్నం పెట్టొచ్చు. పైనా కిందా ఉండే పట్టీలని మాత్రం కొయ్యకూడదు. ప్లంబరు టాయిలెట్ పైపు పట్టలేదని పై పట్టీని కోసి పారేశాడు. దాన్ని ఎలా బాగుచెయ్యాలో ఇంజినీరు కాగితం మీద రాసిస్తే తప్ప మూయనని ఈయన పట్టుబట్టాడు.

సిటీ ఇన్‌స్పెక్టరు పట్టుకునేవాడు కాదా అని అడిగా. పట్టుకోవచ్చు, పట్టుకోకపోవచ్చు, ఆయనకి ఇవాళ చూడాల్సిన ఇళ్ళు చాలా ఉన్నాయి అన్నాడు. డ్రైవాల్ బిగించేస్తే ఆ కోత ఎవరికీ కనపడేది కాదు. కొన్నేళ్ళకి బాత్రూం నేల కుంగినప్పుడు కనపడేది.

మొత్తం తొమ్మిది రోజులు ఆలస్యం. లాక్ పొడిగించుకోడానికి కొన్ని వందల డాలర్లు వదిలాయి. ముహూర్తం ఎలాగో అందింది. తాళాలిచ్చిన రోజు మాత్రం ఆయన లేడు, ఎవరో కొత్త కుర్రాడొచ్చాడు. పాతాయన ఏరీ అంటే, ఇప్పుడు ఇక్కడ చెయ్యట్లేదు అని ఊరుకున్నాడు. నా మెయిలే కారణం అనుకోడానికి ఆధారం లేదు, కాదనుకోడానికీ లేదు.

నా మటుకు నాకు అర్థమైంది ఇది. సూపరింటెండెంటు పనిలో ఎక్కువ భాగం నడిపించడమే. కానీ ఆయన అసలు విలువ ఆపడంలో ఉంది. ఇల్లంటేనే ఒకదాన్ని ఇంకోటి కప్పేసే పని. కాంక్రీటు పోస్తే కేబుళ్ళు కనపడవు, డ్రైవాల్ బిగిస్తే దూలాలు కనపడవు. డాలస్ నేల కూడా మన గుంటూరు నల్లరేగడి లాంటిదే, వానకి ఉబ్బి ఎండకి బీటలిస్తుంది. అందుకే స్లాబులో కేబుళ్ళు వేసి, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని బిగిస్తారు. కప్పేముందు ఆఖరిసారి చూసే మనిషిని బిల్డరు తొందరపెడతాడు, బ్యాంకు తొందరపెడుతుంది. మనం కూడా తొందరపెడితే ఆయన ఎవరికోసం ఆపాలి?

హైదరాబాదులో ఫ్లాట్ కొన్నా ఇదే కథ. బ్యాంకు డబ్బు స్లాబుల లెక్కన వస్తుంది కాబట్టి మనం సైట్ ఇంజినీరుని అడిగేది ఒకటే, ఎన్నో స్లాబు పడిందని. ఎన్నాళ్ళు తడిపారని అడగం. ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, ఎండలు మండుతుంటే 10 రోజులు తడపాలి. నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబు కింద ఆసరాలు 14 రోజులు ఉంచాలి. 2016 నాటి రెరా చట్టం తాళాలిచ్చాక ఐదేళ్ళ దాకా నిర్మాణ లోపాలని బిల్డరే బాగుచెయ్యాలంటుంది, నిజమే. కానీ లోపం లోపలే ఉండిపోయి ఆరో ఏట బయటపడితే?

అందుకని కొత్తిల్లు కట్టించుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. ముహూర్తానికీ, లాక్ గడువుకీ నెల రోజులు అదనంగా పెట్టుకోండి. కాంక్రీటు పోసేముందు ఒకసారి, డ్రైవాల్‌కి ముందు ఒకసారి మీ సొంత ఇన్‌స్పెక్టరుని తీసుకెళ్ళండి. సూపరింటెండెంటుని "ఎప్పుడవుతుంది" అని కాకుండా "ఈ వారం ఏం మూసేస్తున్నారు" అని అడగండి. ఆయన ఆపాను అంటే, మెయిల్ కొట్టేముందు ఎందుకని అడగండి.

టెస్టింగ్ అవలేదు, రిలీజ్ ఆపాలి అని క్లయింటుకి చెప్పి నేను కూడా ఒకసారి తిట్లు తిన్నవాణ్ణే. ఆ సంగతి మెయిల్ కొట్టేటప్పుడు గుర్తు రాలేదు.