రూపాయికి 8 పైసలు: మా గ్రంథాలయ సెస్సు లెక్క చెప్పండి!

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంత ప్రజలకు విజ్ఞప్తి

ఇంటిపన్ను కట్టే అన్నలారా, అక్కలారా! కొలువుల కోసం చదువుతున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

మీ ఇంటిపన్ను రసీదు ఒక్కసారి తీసి చూడండి. పన్నుతో పాటే గ్రంథాలయ సెస్సు కూడా మన దగ్గర వసూలు చేస్తున్నారు. రూపాయి పన్నుకు 8 పైసలు. పన్ను 2,500 రూపాయలైతే సెస్సు 200. అంతే పన్ను పడే ఇండ్లు మూడు వందలున్న కాలనీ అనుకోండి, ఆ ఒక్క కాలనీ నుంచే ఏడాదికి 60,000 రూపాయలు. కిరాయికి ఉంటున్నవాళ్లూ మాకేం సంబంధం అనుకోవద్దు. ఓనరు కట్టే పన్ను మీరిచ్చే కిరాయిలోంచే పోతుంది.

ఈ డబ్బు ఎవరిది?

మునిసిపాలిటీది కాదు, జీహెచ్ఎంసీది కాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఈ సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థది. వసూలు చేసి సంస్థకు అప్పజెప్పడం వరకే స్థానిక సంస్థ పని. ఆ సొమ్ము గ్రంథాలయ నిధిలో పడాలి. పుస్తకాలకు, పత్రికలకు, భవనాలకు, సిబ్బందికి ఖర్చు కావాలి. రోడ్లు, మోరీలు, వీధి దీపాలు మనకు అవసరమే. వాటికి వేరే పద్దులున్నాయి. బిడ్డ కాలేజీ ఫీజుకని పెట్టిన పైసలు తీసి ఇంటికి రంగులేయిస్తే ఏ తల్లి ఊరుకుంటుంది?

జీహెచ్ఎంసీ చెల్లించాల్సిన గ్రంథాలయ సెస్సు బకాయిల గురించి ఏండ్లుగా పత్రికలు రాస్తూనే ఉన్నాయి. ఇప్పుడు మన ఊళ్ల పేర్లూ ఆ ఖాతా పుస్తకంలోకి ఎక్కాయి.

ఇప్పుడే ఎందుకు అడగాలి?

2024లో శామీర్‌పేట పంచాయతీ తూంకుంట మునిసిపాలిటీలో కలిసింది. 2025 చివర్లో మేడ్చల్, తూంకుంటలతో సహా 27 పట్టణ స్థానిక సంస్థలను జీహెచ్ఎంసీలో కలిపారు. బోర్డులు మారాయి, పద్దులు మారాయి. పంచాయతీ నాటి సెస్సు ఎంత వసూలైంది? మునిసిపాలిటీ ఎంత అప్పజెప్పింది? మిగిలింది ఏమైనా ఉంటే ఎవరి ఖాతాలో ఉంది? ఫైళ్లు చేతులు మారేటప్పుడే పాత బాకీలు మరుగున పడతాయి. ఏడాది ఆగి అడిగితే "అది మా హయాం కాదు" అన్న జవాబే వస్తుంది.

మన దగ్గర చదువుల పేరు గొప్పదే. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, బిట్స్ పిలానీ క్యాంపస్ ఉంది. వాటి లైబ్రరీలు వాటి విద్యార్థుల కోసం. గ్రూప్స్‌కో, కానిస్టేబుల్ పరీక్షకో చదివే మన పిల్లలు మాత్రం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి బస్సెక్కాలా? నెలనెలా ఫీజు కట్టి ప్రైవేటు రీడింగ్ హాల్లో కుర్చీ కొనుక్కోవాలా?

నిజాం పాలనలో, 1901లో, మన పెద్దలు హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని నిలబెట్టారు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. అప్పుడు గ్రంథాలయ చట్టం లేదు, సెస్సూ లేదు. ఇవాళ రెండూ ఉన్నాయి. లేనిది లెక్క ఒక్కటే.

మనం అడిగేవి

1. గత ఐదేండ్లలో మేడ్చల్, తూంకుంట, శామీర్‌పేటల్లో వసూలైన గ్రంథాలయ సెస్సు ఎంతో ఏడాదివారీగా ప్రకటించాలి.
2. అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకు ఏ తేదీన ఎంత జమ చేశారో చూపాలి.
3. విలీనానికి ముందటి బకాయి ఎవరు, ఎప్పటిలోగా కడతారో రాతపూర్వకంగా చెప్పాలి.
4. వచ్చిన సొమ్ములో మన ప్రాంత గ్రంథాలయాలకు సంస్థ ఎంత ఖర్చు పెట్టిందో చెప్పాలి. ఆ లెక్క గ్రంథాలయం గోడ మీదే అంటించాలి.
5. ఇకపై ప్రతి నెలా వసూలైన సెస్సును ఆలస్యం లేకుండా సంస్థకు జమ చేయాలి.

మీరు చేయాల్సింది

ఇంటిపన్ను రసీదు జిరాక్స్ తీసుకోండి. సమాచార హక్కు చట్టం, 2005 కింద రెండు దరఖాస్తులు పెట్టండి. ఒకటి పన్ను కట్టే ఆఫీసులో, ఇంకొకటి జిల్లా గ్రంథాలయ సంస్థలో. పైన ఉన్న ప్రశ్నలే రాయండి. ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది సగం సగమే అయినా, మరో 30 రోజుల్లోపు అదే ఆఫీసులోని పై అధికారికి అప్పీలు చేయండి.

కాలనీ సంఘాలు తీర్మానం చేసి, సోమవారం ప్రజావాణికి అంతాయిపల్లి కలెక్టరేట్‌కు తరలిరండి. అర్జీ ఇచ్చాక రసీదు తీసుకోవడం మరవొద్దు. ఓట్లడగడానికి వచ్చే ప్రతి నాయకుడి ముందూ ఈ ఐదు ప్రశ్నలు పెట్టండి.

పుస్తకాల పైసలు పుస్తకాలకే!
వసూలు చేసిన ప్రతి పైసాకు లెక్క చెప్పాలి!

ఇట్లు,
మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల ఇంటిపన్ను చెల్లింపుదారులు, పాఠకులు

(చదివాక పారేయకండి, పక్కింటివాళ్లకు ఇవ్వండి.)